ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ జాబ్.. ఎగ్జామ్ లేకుండా ఇప్పిస్తామంటే నమ్మొద్దు! అసలు దారి ఏంటి.. ఎవరు అర్హులు.. ఎంత జీతం?

"బావా.. ఎయిర్‌పోర్ట్‌లో గవర్నమెంట్ జాబ్ వచ్చింది" అంటూ పోయిన ఏడాది మా మేనత్త కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. అది అపాయింట్‌మెంట్ లెటర్. పైన మూడు సింహాల గుర్తు, కింద గుండ్రటి స్టాంపు, మధ్యలో "ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ ఆఫీసర్, గ్రేడ్ 2" అని హోదా. రిజిస్ట్రేషన్‌కి 1,500, యూనిఫామ్‌కి 5,000, ట్రైనింగ్‌కి 12,000.. మొత్తం 18,500 రూపాయలు అప్పటికే ఫోన్‌పేలో కట్టేశాడు. చెప్పిన రోజున బ్యాగు సర్దుకుని శంషాబాద్ వెళ్లాడు. గేటు దగ్గర యూనిఫామ్‌లో ఉన్న జవాను ఆ లెటర్ చూసి, "ఈ పోస్టే లేదు తమ్ముడూ" అని మెల్లగా పక్కకి పంపించాడు.

ఆ జవాను చెప్పింది అక్షరాలా నిజం. మన దేశంలో "ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ" పేరుతో నేరుగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల భర్తీ జరగదు. ఎయిర్‌పోర్ట్ అనేది పోస్టు కాదు.. పోస్టింగ్. ఈ ఒక్క తేడా తెలియక ఎంతోమంది డబ్బులు, అంతకన్నా ముఖ్యంగా వయసు పోగొట్టుకుంటున్నారు. డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఈ ఉద్యోగానికి వయసు మాత్రం 23 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఈ స్టోరీ కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

ఎయిర్‌పోర్ట్‌లో యూనిఫామ్ వేసుకున్న వాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులేనా?

కాదు. ఇక్కడే చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు.

టెర్మినల్ గేటు దగ్గర టికెట్, ఐడీ కార్డు చూసేవాళ్లు, లోపల మెటల్ డిటెక్టర్‌తో మన ఒళ్లు తడిమి చూసేవాళ్లు, హ్యాండ్ బ్యాగేజ్‌ని ఎక్స్‌రేలో చూసేవాళ్లు, బయట తుపాకీతో నిలబడే క్విక్ రియాక్షన్ టీమ్, డాగ్ స్క్వాడ్, బాంబ్ స్క్వాడ్.. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో వీళ్లంతా సీఐఎస్ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం మనుషులు. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సాయుధ బలగం ఇది. వీళ్లది పక్కా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం.

విమానం నిచ్చెన దగ్గర మళ్లీ బోర్డింగ్ పాస్ చూసేది, చెక్-ఇన్ లగేజీని, కార్గోని స్కాన్ చేసేది మాత్రం ఎక్కువగా ఎయిర్‌లైన్స్ లేదా ఎయిర్‌పోర్ట్ నడిపే సంస్థ పెట్టుకున్న సెక్యూరిటీ స్టాఫ్. పాస్‌పోర్టు మీద స్టాంపు వేసేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్. బంగారం పట్టుకుని వార్తల్లోకెక్కేది కస్టమ్స్. పార్కింగ్ దగ్గర విజిల్ ఊదేది ప్రైవేట్ గార్డు. ఫైరింజన్ మీద ఉండేవాళ్లు మళ్లీ వేరే విభాగం. వీళ్లందరి పైన రూల్స్ పెట్టేది, తనిఖీలు చేసేది బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా బ్యూరో. డ్రెస్ దూరం నుంచి ఒకేలా కనిపిస్తుంది. జీతం ఇచ్చేవాళ్లు మాత్రం వేరువేరు.

అసలు సీఐఎస్ఎఫ్ ఎయిర్‌పోర్టులోకి ఎలా వచ్చింది?

ఈ దళం పుట్టింది ఎయిర్‌పోర్టుల కోసం కాదు. 1969 మార్చి 10న, ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీల కాపలా కోసం మొదలైంది. ఎయిర్‌పోర్టుల్ని అప్పట్లో రాష్ట్రాల పోలీసులే చూసుకునేవాళ్లు. 1999 డిసెంబర్ 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లారు. ఆ దెబ్బతో కేంద్రం ఆలోచన మారింది. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పద్ధతి కాకుండా, ఒకే బలగం ఒకే పద్ధతిలో చూసుకోవాలని నిర్ణయించింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ ఎయిర్‌పోర్టుతో ఆ మార్పు మొదలైంది. ఇప్పుడు 60కి పైగా విమానాశ్రయాలు సీఐఎస్ఎఫ్ చేతిలో ఉన్నాయి. మన శంషాబాద్, విశాఖ కూడా అందులోనివే.

మరి ఆ యూనిఫామ్ వేసుకోవాలంటే?

టెన్త్ పాసైన వాళ్లకి ప్రధాన దారి ఒక్కటే. ఎస్ఎస్‌సీ, అంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కానిస్టేబుల్ జీడీ పరీక్ష. జీడీ అంటే జనరల్ డ్యూటీ. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్.. అన్నిటికీ కలిపి ఈ ఒక్క పరీక్షే.

వయసు 18 నుంచి 23 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది. ఫీజు 100 రూపాయలు. అమ్మాయిలకి, ఎస్సీ, ఎస్టీలకి, మాజీ సైనికులకి అదీ లేదు. మా వాడు కట్టిన 18,500 పక్కన ఈ 100 పెట్టి చూడండి.

ఎన్ని పోస్టులు ఉంటాయి అంటే, అది ఏటా మారుతుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన నోటిఫికేషన్‌లో మొదట ప్రకటించినవి 39,481. అందులో బీఎస్ఎఫ్‌కి 15,654, సీఆర్పీఎఫ్‌కి 11,541, సీఐఎస్ఎఫ్‌కి 7,145. అంటే ప్రతి ఐదు పోస్టుల్లో సీఐఎస్ఎఫ్‌వి ఒకటి కన్నా తక్కువే. పరీక్ష పాసైతే చాలు ఎయిర్‌పోర్టే అనుకోవద్దు. ఏ బలగం కావాలో మీరు ప్రాధాన్య క్రమం ఇవ్వాలి. మీ మార్కులు, మీ రాష్ట్రం, మీ కేటగిరీలో ఉన్న ఖాళీలు, మీరిచ్చిన ప్రాధాన్యం.. ఇవన్నీ కలిసి తేలుస్తాయి. చాలామంది ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, ఆపరేటర్ ఏది ముందు కొడితే అదే అన్నట్టు వదిలేస్తారు. ఆ తర్వాత బాధపడి లాభం లేదు.

తెలుగులో రాయొచ్చు.. కానీ ఒక మెలిక ఉంది

2024 నుంచి ఈ పరీక్ష హిందీ, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో జరుగుతోంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఇది నిజంగా పెద్ద మార్పు.

మొత్తం 80 ప్రశ్నలు, 160 మార్కులు, 60 నిమిషాలు. రీజనింగ్, జనరల్ నాలెడ్జ్, మ్యాథ్స్, భాష.. ఒక్కోదానికి 20 ప్రశ్నలు. మెలిక ఎక్కడంటే ఆ నాలుగో భాగంలో. అక్కడ తెలుగు ఆప్షన్ లేదు. ఇంగ్లిష్ లేదా హిందీ, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిందే. 160లో 40 మార్కులు అక్కడే ఉన్నాయి. తెలుగులో పేపర్ ఉంది కదా అని ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం తీయని వాళ్లు సరిగ్గా ఇక్కడే వెనకబడుతున్నారు. తప్పు జవాబుకి పావు మార్కు కోత. ఒక్కో ప్రశ్నకి దొరికేది 45 సెకన్లు.

ఇంకో విషయం. కాలేజీలో ఎన్‌సీసీ చేశారా? సర్టిఫికెట్ బీరువాలో పడేసి ఉంటే వెతికి తీయండి. సి సర్టిఫికెట్ ఉంటే గరిష్ఠ మార్కుల్లో 5 శాతం బోనస్. 160కి లెక్కేస్తే 8 మార్కులు. బి అయితే 3 శాతం, ఎ అయితే 2 శాతం. ఒక్క మార్కు తేడాతో వందల మంది అటూ ఇటూ అయ్యే పరీక్షలో 8 మార్కులు అంటే మామూలు విషయం కాదు.

ముందు టేపు.. తర్వాతే కోచింగ్

కోచింగ్ సెంటర్‌కి డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడి ఎత్తు కొలిపించుకోండి. అబ్బాయిలకి 170 సెంటీమీటర్లు, అమ్మాయిలకి 157. ఎస్టీలకి 162.5, 150. అబ్బాయిలకి ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీల్చినప్పుడు ఇంకో 5 పెరగాలి. పరీక్షలో 140 మార్కులు తెచ్చుకున్నా 169 దగ్గర ఆగిపోతే ఇంటికే. ఏడాది చదివి, రాసి, పాసై, ఎత్తు దగ్గర వెనక్కి వచ్చే వాళ్లని చూస్తే జాలేస్తుంది.. ముందురోజే ఒక టేపు తెచ్చి కొలుచుకుంటే తెలిసిపోయే సంగతి ఇది.

తర్వాత పరుగు. అబ్బాయిలకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. అమ్మాయిలకి 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. 400 మీటర్ల ట్రాక్ మీద అయితే అబ్బాయిలు పన్నెండున్నర రౌండ్లు కొట్టాలి. ఒక్కో రౌండ్‌కి 1 నిమిషం 55 సెకన్లు. ఒక రౌండ్ ఎవరైనా కొడతారు. తొమ్మిదో రౌండ్ నుంచి అసలు కథ మొదలవుతుంది. ఈ పరుగుకి మార్కులు లేవు, పాసైతే చాలు. అలా అని పరీక్ష రిజల్ట్ వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే మోకాళ్లు పట్టేస్తాయి. చదువు, పరుగు రెండూ ఒకేసారి మొదలవ్వాలి.

మెడికల్‌లో చాలామందిని ఆపేది కళ్లు. ఒక కన్ను 6/6, రెండో కన్ను 6/9 ఉండాలి.. అదీ కళ్లద్దాలు లేకుండా. రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి. మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదాలు, మెల్లకన్ను, కాలి నరాల ఉబ్బు.. ఇవీ చూస్తారు. దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకసారి చూపించుకుంటే ముందే క్లారిటీ వస్తుంది.

టాటూ సంగతి చాలామంది అడుగుతుంటారు. సెల్యూట్ కొట్టే కుడి చెయ్యి మీద ఉంటే ఇబ్బందే. ఎడమ ముంజేతి లోపలి వైపు, చిన్న సైజులో, దేవుడి బొమ్మో పేరో అయితే అనుమతి ఉంటుంది. జాతర్లో ఫ్రెండ్స్‌తో కలిసి సరదాగా వేయించుకునే ముందు ఏ చెయ్యో చూసుకోండి.

ఇంటి పేరు ముందా.. వెనకా?

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ మన తెలుగువాళ్లని ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. టెన్త్ మెమోలో ఇంటి పేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, కుల ధ్రువీకరణ పత్రంలో చివర్లో.. మూడు చోట్ల మూడు రకాలు. దరఖాస్తుకి ముందే అన్నీ టెన్త్ మెమోతో కలిసేలా సరిచేయించుకోండి. ఓబీసీ అభ్యర్థులకి కేంద్రం ఇచ్చిన నమూనాలోనే సర్టిఫికెట్ కావాలి. మన రాష్ట్రంలో బీసీ అని ఇచ్చే మామూలు కాగితం పనికిరాదు. కేంద్రం ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో కూడా చూసుకోవాలి.

నివాస ధ్రువీకరణ మరీ ముఖ్యం. ఎందుకంటే ఈ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఖాళీల్ని రాష్ట్రాల వారీగా పంచుతారు. నక్సల్ ప్రభావిత జిల్లాలకి విడిగా కోటా ఉంటుంది. పుట్టింది ఆంధ్రాలో, చదివింది హైదరాబాద్‌లో, ఆధార్ అడ్రస్ బెంగళూరులో అయితే ఏ రాష్ట్రం కింద పోటీ పడుతున్నారో ముందే తేల్చుకోవాలి. మీరు ఫారంలో రాసిన రాష్ట్రం, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చిన కాగితం ఒకటే కావాలి.

ఉద్యోగం వచ్చింది.. ఎయిర్‌పోర్ట్ ఎప్పుడు?

ఇక్కడ ఓపిక కావాలి. ఉదాహరణకి 2024 సెప్టెంబర్‌లో నోటిఫికేషన్ వస్తే, పరీక్షలు 2025 ఫిబ్రవరిలో జరిగాయి, పరుగు పరీక్షలు ఆగస్టులో మొదలయ్యాయి. ఆ తర్వాత మెడికల్, తుది ఫలితం, ఆ పైన శిక్షణ. అప్లై చేసిన రోజు నుంచి ఒంటి మీదకి యూనిఫామ్ వచ్చేసరికి రెండేళ్లు అవుతుందనుకుని ప్లాన్ చేసుకోవడం మంచిది.

కొత్త కానిస్టేబుళ్లకి సీఐఎస్ఎఫ్ సొంత శిక్షణ కేంద్రాలున్నాయి. మనకి దగ్గర్లో తమిళనాడులోని అరక్కోణం ఒకటి. దళం అధికారులు శిక్షణ పొందే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ ఉన్నది మన హైదరాబాద్ హకీంపేటలోనే. ఆ దారిలో రోజూ వెళ్లే వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

శిక్షణ అయ్యాక నేరుగా ఎయిర్‌పోర్ట్ గ్యారంటీ లేదు. సీఐఎస్ఎఫ్ చూసుకునేవి స్టీల్ ప్లాంట్లు, విద్యుత్ కేంద్రాలు, అణు కేంద్రాలు, ఢిల్లీ మెట్రో, తాజ్ మహల్.. 2024 నుంచి పార్లమెంట్ భవనం కూడా. మన దగ్గరే విశాఖ ఉక్కు ఉంది, శ్రీహరికోట ఉంది, రామగుండం ఎన్టీపీసీ ఉంది. మొదటి పోస్టింగ్ జార్ఖండ్‌లో బొగ్గు గని దగ్గర పడొచ్చు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలంటే బీసీఏఎస్ నిర్దేశించిన ఏవ్‌సెక్ కోర్సు పాసవ్వాలి. ఎక్స్‌రే మెషీన్ ముందు కూర్చోవాలంటే దానికి వేరే స్క్రీనర్ సర్టిఫికెట్ ఉండాలి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లినా రిటైరయ్యేదాకా అక్కడే ఉండరు, బదిలీలు ఉంటాయి. ఇదంతా తెలిసి ఒప్పుకున్నవాళ్లకే ఈ ఉద్యోగం నచ్చుతుంది.

ఏసీలో కూర్చునే ఉద్యోగమేనా?

బయట నుంచి చూస్తే అలాగే ఉంటుంది. టీవీలో మేం చూపించే విజువల్స్ కూడా అలాగే ఉంటాయి, ఒప్పుకోవాలి. లోపల కథ వేరు.

ఎక్స్‌రే స్క్రీన్ చూసే పని కళ్లకి, మెదడుకి విపరీతమైన శ్రమ. అందుకే సాధారణంగా 20 నిమిషాలకి మించి ఒకే మనిషిని స్క్రీన్ ముందు ఉంచరు, మార్చేస్తారు. మధ్యమధ్యలో ఆ మెషీనే లేని తుపాకీ బొమ్మనో, కత్తి బొమ్మనో బ్యాగు లోపల ఉన్నట్టు చూపిస్తుంది. స్క్రీనర్ దాన్ని పట్టుకున్నాడా లేదా అన్నది రికార్డవుతుంది. అంటే డ్యూటీలో ఉన్నంతసేపూ పరీక్ష నడుస్తూనే ఉంటుంది.

షిఫ్టులు రాత్రీ పగలూ ఉంటాయి. తెల్లవారుజామున ఫ్లైట్లు ఎక్కువ కాబట్టి ఆ టైమ్‌లోనే రద్దీ. సంక్రాంతికి జనమంతా ఊళ్లకి పోతుంటే వాళ్ల బ్యాగులు చూస్తూ మీరు అక్కడ ఉంటారు. ఆవకాయ డబ్బా తీసేయమన్నందుకు ఒక పెద్దాయన అరుస్తాడు, ఫ్లైట్ మిస్సవుతోందని ఇంకొకరు లైన్ దూకుతారు, వీఐపీ అని ఒకరు గద్దిస్తారు. అందరితో ఒకే మర్యాద, ఒకే రూల్. గొంతు పెంచకుండా "లేదు సార్" అనగలగడం కూడా ఈ ఉద్యోగంలో ఒక నైపుణ్యమే. హిందీ రాకపోతే మొదటి ఏడాది ఇబ్బంది పడతారు, అందుకే ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

అమ్మాయిలకి ఇక్కడ అవసరం ఎక్కువ. మహిళా ప్రయాణికుల్ని మహిళలే తనిఖీ చేయాలి. ప్రతి ఎయిర్‌పోర్ట్‌లో, ప్రతి షిఫ్టులో వాళ్లు ఉండాల్సిందే. సీఐఎస్ఎఫ్‌లో పూర్తిగా మహిళలతో తొలి బెటాలియన్‌కి కేంద్రం 2024 నవంబర్‌లో ఓకే చెప్పింది.

జీతం లెక్క.. ఆ 30 వేలు, ఈ 21 వేలు

కానిస్టేబుల్ పే లెవెల్ 3. మూల వేతనం 21,700 నుంచి 69,100 వరకు. ఇది చూసి "ఇంతేనా" అంటారు. ఎందుకంటే దీని పక్కనే ఇంకో ప్రకటన కనిపిస్తుంది.. ఏఏఐక్లాస్ సెక్యూరిటీ స్క్రీనర్, నెలకి 30,000.

రెండిటికీ తేడా చూద్దాం. ఏఏఐక్లాస్ అనేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అనుబంధ సంస్థ. నిజమైనదే, ఫేక్ కాదు. డిగ్రీ అడుగుతుంది, జనరల్ వాళ్లకి 60 శాతం మార్కులు ఉండాలి, వయసు 27 లోపు. మొదటి ఏడాది 30,000, రెండో ఏడాది 32,000, మూడో ఏడాది 34,000. కానీ అది మూడేళ్ల కాంట్రాక్ట్. పర్మినెంట్ కాదు.

సీఐఎస్ఎఫ్ 21,700 అనేది మొదలు మాత్రమే. 2025 జనవరి నాటి 55 శాతం డీఏ కలిపితేనే 33,635 అవుతుంది. దాని పైన ఇంటి అద్దె భత్యం లేదా క్వార్టర్, రవాణా భత్యం, కుటుంబానికి వైద్యం, పెన్షన్ పథకం. ప్రమోషన్లు నెమ్మదే, అందులో దాపరికం లేదు. అయితే ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకి జీతం లెవెల్ పెంచే పద్ధతి ఉంది. స్క్రీనర్ ఉద్యోగం తప్పని నేను అనను. డిగ్రీ చేసి, ఎత్తు సరిపోక, ఎయిర్‌పోర్ట్‌లోనే పనిచేయాలనుకునే వాళ్లకి అది మంచి దారే. కాంట్రాక్ట్ అని తెలిసి చేరాలి, అంతే.

ప్రైవేట్ గార్డు పోస్టులు కూడా పెరిగాయి. 50 ఎయిర్‌పోర్టుల్లో 3,049 సీఐఎస్ఎఫ్ పోస్టులు తీసేసి, అంత కీలకం కాని పనులకి 1,924 మంది ప్రైవేట్ సెక్యూరిటీని పెట్టాలని ప్రభుత్వం ఆ మధ్య నిర్ణయించింది. క్యూ లైన్లు చూసుకోవడం లాంటివి వాళ్లే చేస్తున్నారు. ఇందులో చేరితే ఏజెన్సీకి లైసెన్స్ ఉందా, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా అని అడగండి. గవర్నమెంట్ జాబ్ అని ఊళ్లో చెప్పుకోవడానికి మాత్రం కుదరదు.

డిగ్రీ ఉంటే కానిస్టేబుల్‌తోనే ఆగాలా?

అక్కర్లేదు. ఎస్ఎస్‌సీ సీపీఓ పరీక్షతో నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరొచ్చు. వయసు 20 నుంచి 25, పే లెవెల్ 6, మూల వేతనం 35,400. దీనికి తెలుగు పేపర్ లేదు, ఇంగ్లిష్ మీద పట్టు గట్టిగా ఉండాలి. పరుగు కూడా వేరే రకం, అబ్బాయిలు 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో కొట్టాలి. ఇంకా పైకి చూస్తే యూపీఎస్‌సీ నిర్వహించే పరీక్షతో అసిస్టెంట్ కమాండెంట్, 56,100తో మొదలు. డిగ్రీ చదువుతూ 21, 22 ఏళ్లలో ఉన్నవాళ్లకి నా సలహా.. జీడీ, సీపీఓ రెండూ రాయండి. రీజనింగ్, మ్యాథ్స్, జీకే చాలావరకు ఒకటే.

ఫేక్ అని ఎలా కనిపెట్టాలి?

ఆ మెసేజ్‌లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. "టెన్త్ పాసైతే చాలు, ఎగ్జామ్ లేదు, ఫుడ్, రూమ్ ఫ్రీ, 10 పోస్టులే మిగిలాయి". ఇందులో "ఎగ్జామ్ లేదు" అన్న మాట చాలు. పర్మినెంట్ ప్రభుత్వ ఉద్యోగం అంటూ ఎగ్జామ్ లేదంటే ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టేయండి.

రెండోది "గేట్ పాస్ ఫీజు". ఎయిర్‌పోర్ట్ లోపలికి వెళ్లే ఎంట్రీ పాస్‌ల వ్యవస్థ బీసీఏఎస్ చేతిలో ఉంటుంది. మీ నేపథ్యం మీద పోలీసు విచారణ అయ్యాక, మిమ్మల్ని పనిలో పెట్టుకున్న సంస్థ ద్వారా వస్తుంది. మధ్యవర్తి ఫోన్‌పే నంబర్‌కి 3,000 కొడితే రాదు. మూడోది, లెటర్ వచ్చిన మెయిల్ ఐడీ చూడండి. ప్రభుత్వ సంస్థ జీమెయిల్ నుంచి అపాయింట్‌మెంట్ లెటర్ పంపదు. జీడీ నోటిఫికేషన్ కోసం ఎస్ఎస్‌సీ డాట్ జీఓవీ డాట్ ఇన్ ఒక్కటే చూడండి. ఇన్‌స్టాలో కనిపించే అప్లై లింకులు నొక్కొద్దు.

ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి కాల్ చేయండి. మొదటి కొన్ని గంటల్లో చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం ఉంటుంది. మా మేనత్త కొడుకు నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య చీటీ డబ్బులు అవి. ఫిర్యాదు చేసేసరికి ఆ ఖాతా ఖాళీ.

వాడికిప్పుడు 22. ఎత్తు 171, కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమ చేతి మీద అమ్మ పేరు టాటూ ఉంది, అది ఫర్వాలేదు. బీసీ కాబట్టి కేంద్ర ఓబీసీ సర్టిఫికెట్ కోసం పోయిన వారం మీసేవలో పెట్టాడు. పొద్దున ఐదింటికి జెడ్పీ హైస్కూల్ గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నాడు. నిన్న స్టాప్‌వాచ్ స్క్రీన్‌షాట్ పంపాడు. 5 కిలోమీటర్లు, 26 నిమిషాల 40 సెకన్లు. ఇంకా రెండు నిమిషాల 40 సెకన్లు తగ్గించాలి.